మూడో అంశం

రెకొలేటా పేటలో ఎవరు ఎంత గొప్పవాళ్ళో ఇళ్ళు చూసి చెప్పలేం. అన్నీ బూడిదరంగు రాతి మేడలే, అన్నిటికీ నల్ల ఇనుప బాల్కనీలే. తేడా అంతా గుమ్మం దగ్గరి ఇత్తడిలో ఉంటుంది. బెల్లు బొత్తాల పలక, తలుపు పిడి, ఉత్తరాల పెట్టె మూత మెరుస్తుంటే ఆ ఇంటికి వాచ్‌మన్ ఉన్నట్టు. మాసిపోయి ఉంటే లేనట్టు. మూలమలుపు దగ్గరున్న ఆరంతస్తుల మేడకి ఇరవై ఏడేళ్ళుగా ఇత్తడి మాయలేదు. దాన్ని తోమే మనిషి పేరు రోసెందో కోరియా.

రోసెందోకి అరవై ఒకటి. నోట్లో నాలుక లేని మనిషి. ఉత్తరాన వానలు పడని ఊరొకటి వదిలేసి, కొత్త పెళ్ళాం నేలిదాని వెంటబెట్టుకుని బ్యూనస్ ఎయిర్స్ వచ్చి ఈ కొలువులో కుదిరాడు. ఉద్యోగంతో పాటు పైకప్పు మీద ఒక గది, ఒక వంటిల్లు ఇచ్చారు. గది బయట నీళ్ళ ట్యాంకు, బట్టలారేసుకునే తీగలు, నూనె డబ్బాల్లో నేలిదా పెంచిన మల్లె తీగలు. వచ్చిన కొత్తలో వాళ్ళకి ఫోను పుస్తకం లేదు. వంటింటి కిటికీ పక్క గోడ మీద నేలిదా పెన్సిలుతో నంబర్లు రాయడం మొదలుపెట్టింది. ప్లంబరు, తాళాలవాడు, చెల్లెలు. రాను రాను నంబర్లతో ఆగలేదు. మూడో అంతస్తు పిల్ల పుట్టినరోజు, ఐదో అంతస్తు అమ్మగారికి ఉప్పు తగ్గించాలి, రోసెందో మోకాలికి పూసే మందు పేరు, అన్నీ ఆ గోడమీదకే ఎక్కాయి. చిట్టచివర రాసింది ఆసుపత్రి వార్డు నంబరు. అది రాసి ఎనిమిది నెలలైంది. రాసిన మూడో వారానికి నేలిదా పోయింది.

పాతిపెట్టిన మర్నాడు పొద్దున ఆరింటికి రోసెందో యథాప్రకారం కిందికి దిగి ఇత్తడి తోమాడు. ఎంత గుండె దిటవో ఈ మనిషికి అనుకున్నారు మేడలోవాళ్ళు. దిటవూ లేదు, పాడూ లేదు. బాసింపట్టు వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి, గిల్లినా ఎవరి కాలినో గిల్లినట్టుంటుందే, అతనికి ఒళ్ళంతా అలా అయింది. మొదట్లో అది వదులుతుందని ఎదురుచూశాడు. తర్వాత ఎదురుచూడటం మానేశాడు. తినేవాడు, తోమేవాడు, ఉత్తరాలు పంచేవాడు, పడుకునేవాడు.

ఆ మేడలో పన్నెండు ఫ్లాట్లు. ఏడాదికి రెండుసార్లు ఓనర్ల మీటింగు జరుగుతుంది, కింద హాల్లో. దానికి దిగి రావడం చాలామందికి నామోషీ. అందుకని తమ బదులు ఇంకెవరో ఓటు వేయవచ్చని ఒక కాగితం మీద సంతకం పెట్టి, కవరులో పెట్టి రోసెందోకి ఇస్తారు. అతను మెట్లెక్కి ఇంటింటికీ వెళ్ళి ఆ కవర్లు పోగుచేసి సాయంత్రం మీటింగులో అందజేస్తాడు. కవరు అంటించకుండా ఇవ్వడం అక్కడి ఆచారం. అంటిస్తే వాచ్‌మన్‌ని నమ్మనట్టట. అంత పెద్దమనసు వాళ్ళది. ఇరవై ఏడేళ్ళలో రోసెందో ఒక్క కవరు తెరిచి చూసింది లేదు.

మీటింగులో ఏం మాట్లాడతారో రాసిన కాగితాన్ని పది రోజుల ముందే లిఫ్టులో నోటీసు పలక అద్దం వెనక పెట్టింది కూడా అతనే. మూడు అంశాలు. ఒకటి, లిఫ్టు తాళ్ళు. రెండు, రెండో అంతస్తులో నీటి చెమ్మ. మూడు, గుమ్మం సేవల ఆధునికీకరణ.

మీటింగు ఆగస్టు ఇరవై తొమ్మిదిన. ఆ పొద్దున రోసెందో కవర్ల కోసం బయల్దేరాడు. నాలుగో అంతస్తు లాయర్ ఉగార్తే స్వయంగా మీటింగుకి వచ్చే మనిషి, ఆయన దగ్గర కవరు లేదు. మిగతా ఇళ్ళలో ఏడు దొరికాయి. మూడో అంతస్తు ఆవిడ మాత్రం కవరుతో పాటు అరకిలో తీపి రొట్టెల పొట్లం కూడా చేతిలో పెట్టి, అతని మొహం వంక చూడకుండా తలుపేసుకుంది. ఆవిడ ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఏమీ పెట్టింది లేదు. రోసెందో పొట్లం పట్టుకుని కాసేపు మెట్ల మీద నిలబడి, తర్వాత కిందికి దిగిపోయాడు.

కింద కసిమీరో ఉన్నాడు. ఎదుటి మేడకి వాచ్‌మన్. పరాగ్వే నుంచి వచ్చినవాడు, రోసెందో కంటే పదేళ్ళు చిన్న, నోరు మాత్రం ఇరవై మందికి సరిపోతుంది. రోజూ పదింటికి మాతే బుర్ర, వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని వచ్చేస్తాడు. ఇద్దరూ గుమ్మం మెట్టు మీద కూర్చుని ఆ చేదు కషాయాన్ని ఒకే గొట్టంతో వంతులవారీగా పీలుస్తారు.

"అన్నా, లిఫ్టులో కాగితం చదివావా?" అన్నాడు కసిమీరో.

"నేనేగా పెట్టింది."

"పెట్టడం కాదయ్యా, చదవడం. మూడోది ఏంటో తెలుసా నీకు?"

"తాళం మారుస్తారు కాబోలు."

"తాళం కాదు. నిన్ను." కసిమీరో బుర్రలో నీళ్ళు పోశాడు. "హాల్లో స్తంభంలాంటి యంత్రం పాతుతారు. దానికో కన్ను, దానికో నోరు. ఊరవతల ఆఫీసులో ఎవరో పిల్ల కూచుని, ఎవరండీ ఏ ఫ్లాటండీ అంటుంది. పై వీధిలో తొమ్మిదంతస్తుల ఇంట్లో పెట్టారుగా. అక్కడి వాచ్‌మన్ ఒహేదా ఏమయ్యాడు?"

"వాళ్ళూరు వెళ్ళాడు."

"వెళ్ళాడా, పంపారా?"

రోసెందో గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చాడు. నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయి. అది మాత్రం తెలిసింది.

"మీ నాలుగో అంతస్తు లాయరు నెల నుంచీ ఇదే పని మీదున్నాడు. నెలనెలా ఖర్చు తగ్గుతుందని అందరికీ నూరిపోస్తున్నాడు. మా మేడలో కూడా చెప్పుకుంటున్నారు. యూనియను వాళ్ళు నీకు రావలసింది ఇప్పిస్తారులే. కానీ పైన గది ఎవడూ ఇప్పించలేడు. ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోతుంది. ముప్పై రోజులు. ఏదీ, ఆ కవర్లు ఇలా ఇయ్యి."

"ఒకరి కాగితాలు చూడకూడదు."

"ఒకరి కాగితాలా? వాటిల్లో ఉన్నది నువ్వే."

రోసెందో ఆపేలోగానే కసిమీరో ఏడు కవర్లూ తిరగేశాడు. ఐదు అవునన్నవి, రెండు కాదన్నవి. మీటింగుకి స్వయంగా వచ్చే నలుగురి సంగతి వీధంతటికీ తెలుసు. లాయరు అవునంటాడు. ఆరో అంతస్తులో రెండు ఫ్లాట్ల అక్కచెల్లెళ్ళు, మొదటి అంతస్తు పళ్ళ డాక్టరు కాదంటారు.

"ఆరుగురు అటు, ఐదుగురు ఇటు. గట్టెక్కాలంటే వాళ్ళకి ఏడు కావాలి," అన్నాడు కసిమీరో. "ఇంక మిగిలింది ఎవరు?"

"ఎర్సిలియా అమ్మగారు. ఐదు 'బి'. నాలుగింటికి రమ్మన్నారు."

కసిమీరో చేతులు చాచి నవ్వాడు. "అయితే నీకేం భయం లేదు. ఆవిడకి కళ్ళు కనపడవు, ఉత్తరాలన్నీ నీ చేతేగా చదివించుకుంటుంది. ఒక్క ముక్క చెప్పు. అమ్మా, ఇది నన్ను పంపించే కాగితం అను. చెయ్యి విరిగినా సంతకం పెట్టదు."

"ఓనర్ల ఓట్ల విషయం నేను మాట్లాడను."

"ఓట్ల విషయం మాట్లాడకు. నీ విషయం మాట్లాడు."

రోసెందో కవర్లు వెనక్కి తీసుకుని వరసగా సర్దుకున్నాడు.

"పోనీ ఒక కవరు పారేయ్. ఇరవై ఏడేళ్ళలో ఒక్క ఉత్తరం పోగొట్టలేదు నువ్వు. ఒకటి పోతే దేవుడు కూడా ఏమీ అనడు."

"పోయిందంటే ఇంకోటి రాసిస్తారు."

"గోరుచుట్టు మీద రోకటి పోటంటే విన్నాను గానీ," అన్నాడు కసిమీరో లేస్తూ, "రోకలి కూడా తనే మోసుకొచ్చి అందించేవాణ్ణి ఇదే చూడటం."

నిజానికి ఆ పన్నెండు ఇళ్ళవాళ్ళూ దుర్మార్గులేం కారు. ఎవరిని పంపించేస్తున్నారో వాడి చేతికే ఆ కాగితం ఇస్తున్నామని వాళ్ళకి తట్టనే లేదు, అంతే. మూడో అంతస్తు ఆవిడకి తట్టింది, ఆవిడ తీపి రొట్టెలు కొనుక్కొచ్చి సరిపెట్టింది. మీటింగు కాగితాలు రోసెందో తెస్తాడు. లిఫ్టు బాగుచేసే సామాను లిఫ్టులోనే పైకి వెళ్తుంది. లిఫ్టుని ఎవరైనా అడిగి పంపుతారా?

మధ్యాహ్నం అతను పైకి వెళ్ళి రొట్టెలు రెండు తిన్నాడు. తింటూ గోడ వంక చూశాడు. ముప్పై రోజుల్లో ఇది తనది కాదు అని లోపల అనుకుని చూశాడు, పుండు మీద వేలు పెట్టి నొప్పి ఉందో లేదో చూసుకున్నట్టు. ఏమీ లేదు. ఇంకోసారి అనుకున్నాడు. ఏమీ లేదు. పళ్ళెం కడిగి బోర్లించి కిందికి వచ్చాడు.

ఎర్సిలియా అమ్మగారికి ఎనభై ఆరు. జడ్జీగారి భార్య, ఆయన పోయి ఇరవై ఏళ్ళు. ఎదుట మనిషి ఉన్నాడని తెలుస్తుంది గానీ మొహం తెలియదు, అక్షరం అసలే తెలియదు. రోజూ నాలుగింటికి తలుపు ఓరగా తీసి పెట్టుకుంటుంది. రోసెందో వెళ్ళి చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని ఆ రోజు వచ్చిన కాగితాలు చదువుతాడు. కరెంటు బిల్లు, మందుల చీటీ, పేపర్లో చావు కబుర్లు. ఆవిడ కూర్చోమంటుంది, అతను కూర్చోడు. ఓనర్ల ఇంట్లో ఏనాడూ కూర్చుని ఎరగడు.

"వచ్చావా, కూచో," అందావిడ.

"పరవాలేదమ్మా."

"ఆ బల్ల మీదుంది చూడు కాగితం. పొద్దున్న మా మేనకోడలు ఫోను చేసింది. లాయర్ ఉగార్తే పంపించాడత్తా, అందరూ పెడుతున్నారు, నువ్వూ సంతకం పెట్టి రోసెందోకి ఇచ్చెయ్ అంది. చదవకుండా పెడతానా నేను? చదవకుండా సంతకాలు పెట్టినవాళ్ళందరూ మా ఆయన ముందుకొచ్చి ఏడ్చేవాళ్ళు. చదువు."

రోసెందో కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ వెలుగు వైపు తిరిగి చదివాడు. అతను చదివే తీరు ఆవిడకి ఇష్టం. తొందరపడడు, మాట మింగడు.

"ఐదవ అంతస్తు 'బి' ఫ్లాటు యజమానురాలినైన నేను, నేటి సమావేశంలో నా తరఫున ఓటు వేయుటకు శ్రీ ఉగార్తే గారికి అధికారం ఇస్తున్నాను. మొదటి అంశానికి నా సమ్మతి. రెండవ అంశానికి నా సమ్మతి. మూడవ అంశానికి నా సమ్మతి."

"మొదటిది లిఫ్టు. రెండోది ఆ చెమ్మ గొడవ. మూడోదేంటి?"

"గుమ్మం సేవల ఆధునికీకరణ."

"తిన్నగా చెప్పు. అంటే ఏంటి?"

రోసెందో కాగితం వంక చూశాడు. అక్కడ అంతకంటే ఏమీ రాసి లేదు.

"హాల్లో యంత్రం పెడతారమ్మా."

"ఏం చేస్తుంది అది?"

"ఎవరొచ్చారో చూస్తుంది. ఎవరు కావాలని అడుగుతుంది. తలుపు తీస్తుంది."

"నువ్వు చేసే పనేగా."

"అవునమ్మా."

ఆవిడ తలూపింది. "మంచిదేలే. నీ మోకాళ్ళు నాకు మెట్ల మీదే వినపడుతుంటాయి. నేలిదా పోయాక నువ్వు సగమయ్యావు. ఆ యంత్రం ఉంటే కాస్త కూలబడి అన్నం తింటావు."

ఆ క్షణంలో చెప్పాల్సింది ఒక్క మాటే. అమ్మా, అది వస్తే నేనుండను. అంతే. మాట గొంతు దాకా రాలేదు కూడా. తర్వాత కసిమీరో ఎన్నిసార్లు అడిగినా ఎందుకు చెప్పలేదో అతను చెప్పలేకపోయాడు. సగం అలవాటు. ఓనరు ఇంట్లో నిలబడి తన గోడు చెప్పుకోవడం ఇరవై ఏడేళ్ళలో ఒక్కనాడు చేయలేదు. మిగతా సగం ఏమిటంటే, ఎనిమిది నెలలుగా అతనికి ఏదీ కావాలనిపించడం లేదు. కావాలని లేనివాడు ఏమని అడుగుతాడు?

"పెన్ను ఇలా ఇయ్యి. ఎక్కడ పెట్టాలి?"

ఎప్పుడూ చేసేదే చేశాడు. ఆవిడ చూపుడువేలు పట్టుకుని గీత మొదట్లో ఆనించాడు. ఆవిడ ఆ వేలి పక్కనుంచే నిదానంగా సంతకం గీసింది.

"గీత మీదే పడిందా?"

"పడిందమ్మా."

"ఇవాళ ఇరవై తొమ్మిది కదూ?"

"అవునమ్మా."

ప్రతి నెలా ఇరవై తొమ్మిదిన ఆ ఊళ్ళో ఇంటింటా ఆలుగడ్డ ఉండలు వండుకుంటారు. కలిసి రావాలని పళ్ళెం కింద ఒక నోటు పెడతారు. నేలిదా ఉన్నన్నాళ్ళూ ఆవేళ ఒక పళ్ళెం ఐదో అంతస్తుకి వచ్చేది, ఉప్పు తగ్గించి. రోసెందో కాగితం మడిచి కవరులో పెట్టుకుని తలుపు దగ్గరగా వేసి వచ్చేశాడు.

సాయంత్రం ఏడింటికి హాల్లో కుర్చీలు వేశాడు, నీళ్ళ జగ్గు పెట్టాడు, ఎనిమిది కవర్లూ లాయర్ ఉగార్తే చేతికిచ్చాడు. తర్వాత గుడ్డ తీసుకుని బయటికి వెళ్ళి పొద్దున్నే తోమిన బెల్లు పలకని మళ్ళీ తోమాడు. పన్నెండు బొత్తాలు, వాటి కింద విడిగా ఇంకోటి, దాని పక్కన 'వాచ్‌మన్' అని చెక్కి ఉంటుంది. అద్దం తలుపులోంచి లోపల నలుగురూ కనపడుతున్నారు. అరగంట కాకముందే లాయరు బయటికొచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, మర్యాదస్థుడు, పనివాళ్ళని మీరు అనే మాట్లాడతాడు.

"రోసెందో గారూ, మీ మీద మాకెవరికీ ఏ ఫిర్యాదూ లేదు. అది మీరు మనసులో పెట్టుకోవాలి."

"సరేనండి."

"రోజులు మారుతున్నాయి. మీకు రావలసింది పైసాతో సహా వస్తుంది. అసలు ఎర్సిలియా గారు కూడా ఒప్పుకున్నారంటే చూడండి, ఆవిడ ఓటుతోనే నెగ్గింది. మీటింగు వివరాలు టైపు చేయించి అందరికీ పంపుతారు, మన అడ్మినిస్ట్రేటరు సంగతి మీకు తెలుసుగా, నెల పట్టినా పడుతుంది." ఆయన వెళ్ళబోతూ ఆగాడు. "ఆ కుర్చీలు కాస్త తీసేస్తారా?"

రోసెందో కుర్చీలు మడిచి సామాన్ల గదిలో పెట్టాడు.

ముప్పై రోజులు ఎలాంటివి అలా గడిచాయి. యంత్రం బిగించడానికి వచ్చినవాళ్ళకి కరెంటు తీగ ఎక్కడుందో చూపించింది అతనే. అది మనిషంత ఎత్తుంది, నల్లగా, మొహం ఉండాల్సిన చోట గాజు. బెల్లు పలక మీద పదమూడో బొత్తం పీకేసి రేకు ముక్క అతికించారు. ఆ రేకు ఇత్తడిది కాదు, ఎంత తోమినా మెరవలేదు. రోజూ నాలుగింటికి ఐదో అంతస్తుకి వెళ్ళి కాగితాలు చదివాడు. యంత్రం వచ్చిందా అని ఆవిడ అడిగింది, వచ్చిందన్నాడు. కాస్త కూచుంటున్నావా అని అడిగింది, కూచుంటున్నానన్నాడు. వెళ్ళిపోతున్న సంగతి చివరి రోజు చెబుదాంలే అనుకున్నాడు. చివరి రోజు కూడా చెప్పగలనని అతనికేం నమ్మకం లేదు.

ఆఖరి వారంలో ఒక నోటుపుస్తకం కొని గోడ మీదివి ఎక్కించడం మొదలుపెట్టాడు. సగం ఎక్కించి ఆపేశాడు. ప్లంబరు నంబరు పుస్తకంలోకి వచ్చింది, కానీ అతని దస్తూరీలో వచ్చింది. ఏడంకెకి నడుం మీద నేలిదా గీసే అడ్డగీత రాలేదు. పుస్తకం మూసి పెట్టెలో పడేశాడు. అప్పుడు కూడా అతనికి ఏమీ అనిపించలేదు. అనిపించలేదన్న సంగతి మాత్రం గమనించాడు.

సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన మూడింటికి తాళాలు అడ్మినిస్ట్రేటరు చేతికిచ్చేశాడు. ఊరికి దక్షిణాన ఒక అద్దె గది కసిమీరో చూసిపెట్టాడు. కసిమీరో తెచ్చిన తోపుడు బండి మీద మంచం, రెండు పెట్టెలు, నూనె డబ్బాల మల్లె తీగలు ఎక్కించారు. ఎదుటి పేవ్‌మెంటు మీద బండికి తాడు బిగిస్తూ కసిమీరో సణుగుతూనే ఉన్నాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళని చూశాను. నువ్వు ఆకులు కూడా పట్టుకోవు కదయ్యా."

నాలుగు దాటింది. రోసెందో తాడు ముడి సరిచూస్తున్నాడు. ఇప్పుడు వెళ్ళి చెప్పాలి. ముడి విప్పి మళ్ళీ వేశాడు.

"అన్నా," అన్నాడు కసిమీరో, తాడు వదిలేసి. "మీ అమ్మగారు స్తంభంతో మాట్లాడుతోంది."

రోసెందో తిరిగి చూశాడు. అద్దం తలుపు వెనక హాల్లో ఎర్సిలియా అమ్మగారు ఒక చేత్తో కర్ర పట్టుకుని, ఇంకో చేత్తో ఒక కాగితాన్ని యంత్రం మొహానికి ఆనించి నిలబడి ఉంది. నాలుగింటికి ఎవరూ రాకపోయేసరికి తనే లిఫ్టు పట్టుకుని దిగొచ్చింది. రోసెందో చెయ్యి దానంతట అదే చొక్కా జేబులో కళ్ళజోడు కోసం వెళ్ళింది. అతను వీధి దాటాడు.

తలుపు దాకా వచ్చాక గుర్తొచ్చింది, తాళం లేదని. లోపలి మాటలు వినపడుతున్నాయి.

"చదువు రోసెందో," అంటోంది ఆవిడ. "ఇందాక తలుపు కిందనుంచి తోసి వెళ్ళారు. ఏంటో చూడు."

"నమస్కారం మేడమ్. మీ ఫ్లాటు నంబరు చెబుతారా?" అంది యంత్రంలోంచి ఒక అమ్మాయి గొంతు.

"ఎవరమ్మాయి నువ్వు?"

"గుమ్మం సేవల నుంచి మాట్లాడుతున్నానండి. మేడమ్, తలుపు బయట ఒకాయన నిలబడి ఉన్నారు. మీకు తెలిసినవారేనా? అరవై ఏళ్ళుంటాయి. నీలం చొక్కా. చేతిలో కళ్ళజోడు ఉంది."

"రోసెందోనా? అతని దగ్గర తాళం ఉందిగా."

"మా జాబితాలో ఆ పేరు లేదండి."

ఆవిడ కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి, తడుముకుని పిడి పట్టుకుని తలుపు తీసింది.

"తాళం మర్చిపోయావా?"

"లేదమ్మా. ఇచ్చేశాను."

"ఎవరికి ఇచ్చావు? ఎందుకు?"

రోసెందో ఆవిడ చేతిలోని కాగితం చూశాడు. మీటింగు వివరాలు. నెల తర్వాత, సరిగ్గా ఇవాళే పంపించారు.

"ఇలా ఇవ్వండమ్మా. అందులో ఉంటుంది."

కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. లిఫ్టు తాళ్ళ గురించి, చెమ్మ గురించి, ఒక్క మాట మింగకుండా చదివాడు. మూడో అంశం దగ్గరికి వచ్చాక కూడా గొంతు మారలేదు.

"మూడవ అంశం. హాలునందు కాపలా యంత్రం అమర్చుటకు, వాచ్‌మన్ శ్రీ రోసెందో కోరియాను ముప్పై రోజుల గడువుతో ఉద్యోగం నుండి తొలగించుటకు తీర్మానించడమైనది. అనుకూలం ఏడు ఓట్లు, ప్రతికూలం ఐదు. అనుకూలంగా ఓటు వేసిన ఫ్లాట్లు, ఒకటి 'బి', రెండు 'ఎ', రెండు 'బి', మూడు 'ఎ', నాలుగు 'ఎ', నాలుగు 'బి', ఐదు 'బి'."

ఎర్సిలియా అమ్మగారు కర్రని నేలకి గట్టిగా ఆనించింది.

"ఐదు 'బి' నేను," అంది.

"అవునమ్మా."

"నువ్వే చదివావు నాకు ఆ కాగితం. నా వేలు పట్టుకుని పెట్టించావు."

"అవునమ్మా."

"ఇదేంటని అడిగాను కూడా. అడిగానా లేదా?"

"అడిగారు."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాడు. కర్రతో కొట్టినా బావుండేది. ఆవిడ చెయ్యి చాపి అతని చొక్కా అంచు వెతికి పట్టుకుంది.

"వెళ్ళిపోవాలనుందా నీకు?" అని అడిగింది. "అందుకేనా చెప్పలేదు?"

ఇన్ని నెలల్లో అతన్ని ఎవరూ ఏం కావాలని అడగలేదు. తనని తాను అతనూ అడగలేదు. జవాబు వెతకాల్సి వస్తుందనుకున్నాడు గానీ అది నోటి దగ్గరే ఉంది.

"లేదమ్మా," అన్నాడు. "ఇక్కడే ఉండాలనుంది."

తిమ్మిరి వదిలేటప్పుడే బాధ. అంతసేపూ చచ్చుబడి ఉన్న కాల్లోకి రక్తం దిగుతుంటే వెయ్యి సూదులు గుచ్చినట్టుంటుంది. రోసెందోకి ముందు ఛాతీలో మొదలైంది. నేలిదా పోయింది. ఆ మాట అతనికి ఇప్పుడు, ఈ హాల్లో, యంత్రం ముందు తెలిసింది. నేలిదా పోయింది, తను ఉద్యోగం పోగొట్టుకున్నాడు, పైన గది తలుపుకి వేరేవాళ్ళ తాళం పడింది. అన్నీ ఒకేసారి నొప్పెట్టాయి. అతను గోడకి ఆనుకున్నాడు.

"లాయర్‌ని పిలుస్తాను," అంది ఎర్సిలియా అమ్మగారు. "నా ఓటు వెనక్కి ఇమ్మంటాను."

"ఓటు వెనక్కి రాదమ్మా."

"జడ్జీ భార్యని. నాకు తెలుసు రాదని." ఆవిడ అతని చొక్కా వదల్లేదు. "ఇంకేముంది అందులో?"

"రెండు లైన్లున్నాయి."

"చదువు. మొత్తం విన్నాకే పైకి వెళ్తాను."

రోసెందో కాగితం దగ్గరగా పట్టుకున్నాడు.

"పైకప్పు మీది వసతిని ఖాళీ చేయించిన పిదప," అని చదివాడు, "వంటగది గోడల మీది పెన్సిలు రాతలు గీకించి, సున్నం..."

అక్కడ ఆగాడు. ఆవిడ ఎదురుచూసింది. వీధి అవతల కసిమీరో బండి పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

"చదువు రోసెందో."

"కనపడటం లేదమ్మా," అన్నాడు.